ముందే ఉన్నదా, మనం ఎంచుకున్నదా?

కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, మెమరీ ఎంత అని షాపులో పది రకాలుగా అడుగుతాం. ఇంటర్నెట్ ఏ బ్రౌజర్‌లో తెరుచుకుంటుందని మాత్రం అడగం. అది ముందే ఉంటుంది, తాకితే తెరుచుకుంటుంది, అంతటితో ఆ సంగతి మరిచిపోతాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి బ్యాంకు లావాదేవీలు, పిల్లల పరీక్ష ఫలితాలు, మీభూమిలో అడంగల్, ఉద్యోగ దరఖాస్తులు అన్నీ ఆ బ్రౌజర్ చేతుల మీదుగానే జరుగుతాయి. మన పాస్‌వర్డులు దాని దగ్గరుంటాయి. రాత్రి పొద్దుపోయాక మనం దేని గురించి వెతికామో దానికి తెలుసు. ఇంత నమ్మకంగా మసలే స్థానంలో ఉన్నదాన్ని మనం ఎంచుకోలేదు. ఎవరో ఎంచి మన చేతికిచ్చారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఒక్కటే. ముందే ఉన్నదాన్ని వాడటంలో తప్పులేదు. ఒక్కసారి కూడా పరిశీలించకుండా వాడుతూ పోవడంలోనే నష్టముంది. పరిశీలించాక మార్చాలనిపిస్తే దానికో పద్ధతి ఉంది. ఆ పద్ధతిని బ్రౌజర్ మీద నేర్చుకుంటే రూపాయి ఖర్చు ఉండదు, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. ఇక్కడ అలవాటైన చెయ్యి రేపు బ్యాంకు ఖాతా మార్చుకోవడానికో, ఎప్పుడో కట్టడం మొదలుపెట్టిన బీమా పాలసీని తిరగేసి చూడటానికో జంకదు.

చేనులో తెలిసిన పద్ధతే

కదిరికీ పుట్టపర్తికీ నడుమ ఉన్న నల్లమాడ ప్రాంతంలో ఈ మాట ఎక్కువ వివరించనక్కర్లేదు. వానను నమ్ముకుని వేరుశనగ పండించే ఈ నేలల్లో దశాబ్దాలపాటు టీఎంవీ-2 రకమే రాజ్యమేలింది. తాత వేశాడు, తండ్రి వేశాడు, విత్తనం అంటే అదే. ఆ తర్వాత పక్కనే ఉన్న కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి కదిరి-6 వచ్చింది, ఇటీవల కదిరి లేపాక్షి వచ్చింది. కొత్త రకం పేరు వినగానే ఉన్న పొలమంతా దానికి అప్పగించడు తెలివైన రైతు. ఒక ఎకరాలో వేస్తాడు. ఊడలు ఎట్లా దిగాయో, బెట్టకు ఎట్లా నిలబడిందో, కాయ ఎంత నిండిందో కళ్లారా చూస్తాడు. పక్క ఎకరాలో పాత రకం ఎట్లాగూ ఉంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. కుదిరితే మరుసటి కారుకు విస్తీర్ణం పెంచుతాడు, కుదరకపోతే ఒక్క ఎకరాతో ఆగుతాడు.

బ్రౌజర్ మార్పుకు కూడా ఇంతకు మించిన పద్ధతి లేదు. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి నడిపి చూడాలి. కుదిరాకే పూర్తిగా మారాలి. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న సామెత తొందరపడేవాళ్ల గురించి చెప్పింది. మన జబ్బు దానికి తలకిందులు. మనకు పాతదే సుఖం, కొత్తదంటే భయం. రెండింటికీ మందు ఒకటే, పరీక్షించి చూడటం.

ముందే ఉండటానికి ఖరీదెంత?

డిఫాల్ట్ అనే స్థానం విలువ మనకు తెలియకపోయినా కంపెనీలకు బాగా తెలుసు. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో తన సెర్చ్ ముందే ఉండటం కోసం గూగుల్ 2022 ఒక్క ఏడాదిలోనే ఆపిల్‌కు 2000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. మార్చుకునే వీలు ప్రతి ఐఫోన్ యజమానికీ ఉంది. అయినా అంత సొమ్ము ఎందుకు పోశారంటే, ఎక్కువమంది మార్చరని వాళ్లకు తెలుసు.

మన దేశంలోనూ ఈ పంచాయితీ జరిగింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌ల కట్ట మొత్తాన్ని, అందులో క్రోమ్ బ్రౌజర్‌ను కూడా, ముందే పెట్టించేలా షరతులు విధించిందని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేయడానికి నిరాకరించింది. ఆ తర్వాత ఫోను తయారీదారులు కావలసిన యాప్‌లను విడివిడిగా తీసుకునే వీలు కల్పిస్తామని గూగుల్ ప్రకటించింది.

దీన్నిబట్టి క్రోమ్ చెడ్డదని అనుకోవద్దు. అది మంచి బ్రౌజరే, చాలామందికి చివరికి అదే సరిపోవచ్చు కూడా. కానీ కోట్లు పోసి కొనుక్కునే స్థానమొకటి మీ జేబులో ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తేల్చే హక్కు మీది. ఆ హక్కును ఒక్కసారైనా వాడుకోండి.

తెలుగు పాఠకులు దాటిన గడప

బ్రౌజర్ మార్చాలని మనసులో ఉన్నా మారలేకపోవడానికి చాలాసార్లు ఒకే ఒక్క అడ్డు ఉంటుంది. మన భాష చరిత్రలోనే దానికి చక్కటి ఉదాహరణ ఉంది.

2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఇంటర్నెట్‌లో తెలుగు పత్రిక చదవాలంటే విండోస్‌తో పాటు వచ్చే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే శరణ్యం. అన్ని కంప్యూటర్లలో తెలుగు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతిని పత్రికలు వాడేవి కావు. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు, అందులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు. ఆ ఫాంటును పేజీతోపాటే దించుకుని చూపించే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌లో ఉండేది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. ట్యాబులున్నాయి, అనవసరపు పాపప్‌లను ఆపుతుంది, హాయిగా ఉంది. కానీ తెలుగు పత్రిక తెరిస్తే అర్థంపర్థం లేని గుర్తుల వరస కనిపించేది. పొద్దున్నే పేపరు చదవకపోతే తోచని మనిషి ఎంత మంచి బ్రౌజరైనా ఏం చేసుకుంటాడు?

ఆ అడ్డును తీసింది ‘పద్మ’ అనే చిన్న పొడిగింపు (ఎక్స్‌టెన్షన్). తయారుచేసినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్లలో ఉన్న పాఠాన్ని పద్మ అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. దాంతో ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పేపరు చదవడం కుదిరింది, చదివినదాన్ని కాపీ చేసుకోవడం, వెతుక్కోవడం కూడా వీలైంది. పత్రికలు యూనికోడ్‌కు మారేదాకా ఎంతోమందికి అది ఆసరా అయింది.

మన పనికొచ్చే పాఠం ఇక్కడుంది. ‘నాకు కొత్తది పడదు’ అని మొత్తంగా తేల్చేయకండి. మిమ్మల్ని పాతదానికి కట్టేసిన ముడి ఏదో పేరు పెట్టి చెప్పండి. ముడికి పేరు పెడితే దాన్ని విప్పే ఉపాయం వెతకొచ్చు. పేరులేని భయానికి మందులేదు.

తయారుచేసినవాళ్లే వదిలేశారు

ఎక్స్‌ప్లోరర్ ఒకప్పుడు ప్రపంచంలో 90 శాతానికి పైగా కంప్యూటర్లలో వాడిన బ్రౌజర్. దాని స్థానంలో 2015లో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌ను తెచ్చింది. పేజీలను చదివి తెర మీద చూపించే ఇంజిను ఎడ్జ్‌కు మొదట్లో సొంతంగా ఉండేది. అది ఆశించినట్టు నిలదొక్కుకోలేదు. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన ఇంజిను పక్కనపెట్టి, పోటీదారైన గూగుల్ చొరవతో నడిచే క్రోమియం పునాది మీద ఎడ్జ్‌ను తిరిగి కడతామని ప్రకటించింది. 2020 జనవరి 15న ఆ కొత్త ఎడ్జ్ విడుదలైంది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు శాశ్వతంగా సెలవిచ్చింది.

ఈ నిర్ణయాలన్నీ జరిగింది మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల హయాంలో. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్ సొంతూరు మన పాత అనంతపురం జిల్లాలోని బుక్కాపురం. సొమ్ము పోసి, ఏళ్లు వెచ్చించి సొంతంగా చేసుకున్న వస్తువు. దాన్నే ‘ఇది సాగడం లేదు’ అని ఒప్పుకుని వదిలేయడానికి అంత పెద్ద సంస్థకు మొహమాటం అడ్డురాలేదు. కేవలం అలవాటు వల్ల వాడుతున్నదాన్ని వదలడానికి మనకెందుకు అడ్డురావాలి?

మనం మారకపోతే మార్పే వస్తుంది

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద 59 యాప్‌లను నిషేధించింది. ఊరంతా టిక్‌టాక్ గురించే మాట్లాడుకుంది. అదే జాబితాలో యూసీ బ్రౌజర్ కూడా ఉంది. తక్కువ ధర ఫోన్లలో, నెట్ నెమ్మదిగా వచ్చే చోట్ల మన దేశంలో కోట్లమంది వాడిన బ్రౌజర్ అది. అది వాడుకరుల సమాచారాన్ని సరైన రక్షణ లేకుండా పంపుతోందని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2015 మేలోనే నివేదిక ఇచ్చింది. ఆ హెచ్చరిక విని అప్పుడే మారినవాళ్లు తీరుబడిగా సర్దుకున్నారు. మిగిలినవాళ్లకు ఐదేళ్ల తర్వాత రాత్రికి రాత్రి మారక తప్పలేదు.

ఇలాంటి గడువులు ఇప్పుడూ నడుస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7, 8.1 కంప్యూటర్లకు కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. ఆ యంత్రాల్లో క్రోమ్ తెరుచుకుంటుంది, పేజీలు కనిపిస్తాయి, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కానీ 109 తర్వాత బయటపడిన భద్రతా లోపాలన్నీ అక్కడ తెరిచే ఉన్నాయి. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14న మామూలు సహాయం ముగిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా తీరిక ఉన్నప్పుడే కదలడం మేలు.

ఇక పనిలోకి దిగుదాం.

మొదటి మెట్టు: ఇప్పుడున్నది ఏదో చూడండి

వాట్సాప్‌లో ఎవరైనా పంపిన లింకు తాకండి. తెరుచుకున్నదే మీ డిఫాల్ట్ బ్రౌజర్. దాని మెనూలో ‘అబౌట్’ అన్నచోట వెర్షన్ ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే ఆ పేజీ తెరవగానే అప్‌డేట్ కోసం అదే వెతుకుతుంది. ‘ఇక ఈ కంప్యూటర్‌కు అప్‌డేట్లు రావు’ అన్న మాట కనిపిస్తే మార్పు తప్పనిసరి అని అర్థం. అప్‌డేట్లు సక్రమంగా వస్తుంటే తొందరేమీ లేదు, ఇష్టాన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు.

రెండో మెట్టు: ముడి వెతకండి

ఒక కాగితం మీద మీరు నెలలో వాడే సైట్లన్నీ రాయండి. బ్యాంకు, మీసేవ, జ్ఞానభూమి, యూనివర్సిటీ, పాలిటెక్నిక్, పీఎఫ్, ఆదాయపు పన్ను, ఏవైతే అవి. ఇప్పుడు వాటిలో కంప్యూటర్‌కు ఏదైనా పరికరం తగిలిస్తేనే పనిచేసేవాటికి గుండ్రం చుట్టండి. టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్, ఆధార్ వేలిముద్ర యంత్రం, స్కానర్ లాంటివి. ముడి దాదాపుగా అక్కడే ఉంటుంది.

కారణం తెలిస్తే కంగారు తగ్గుతుంది. వేలిముద్ర యంత్రానికి సంబంధించిన ఆర్‌డీ సర్వీస్ అనే చిన్న ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంటుంది. సైటు బ్రౌజర్ ద్వారా దాన్ని పలకరిస్తుంది. కొత్త బ్రౌజర్ ఆ పలకరింపును అపరిచితమని ఆపేస్తే ‘పరికరం దొరకలేదు’ అని వస్తుంది. యంత్రం చెడిపోయిందని కదిరికి పరుగెత్తకండి. అడ్రసు పట్టీ పక్కనున్న గుర్తు తాకి, ఆ సైటుకు అనుమతులు ఇచ్చారో లేదో చూడండి. ఇక పాత జావా యాప్లెట్ల మీద నడిచే సంతకం పేజీలను క్రోమ్ 2015లోనే, ఫైర్‌ఫాక్స్ 2017లోనే వదిలేశాయి. అచ్చంగా ఎక్స్‌ప్లోరరే కావాలనే సైటు ఇంకా ఉంటే, ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ ఉంది. దాన్ని కనీసం 2029 దాకా నడుపుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అంటే ఆ ఒక్క పనికి ఎడ్జ్, మిగతా అన్నిటికీ మీకు నచ్చింది. ఒక ముడి కోసం మొత్తం కట్టుబడి ఉండనక్కర్లేదు.

మూడో మెట్టు: అవసరాన్నిబట్టి ఎంచుకోండి

పేర్లు చాలా ఉన్నా పునాదులు మూడే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, జోహో సంస్థ 2023లో తెచ్చిన ఉలా, ఇవన్నీ క్రోమియం మీద కట్టినవి. ఫైర్‌ఫాక్స్‌ది సొంత పునాది గెకో. సఫారీది వెబ్‌కిట్. ఒక సైటు క్రోమ్‌లో నడిస్తే మిగతా క్రోమియం బ్రౌజర్లలోనూ దాదాపు నడుస్తుంది. అందుకని ప్రభుత్వ సైట్లతో ఎక్కువ పని ఉన్నవాళ్లకు ఆ కుటుంబంలోంచి ఒకటి ఉండటం సుఖం.

ప్రకటనలతో, వెంటపడి గమనించే సైట్లతో విసిగిపోయినవాళ్లకు ఫైర్‌ఫాక్స్ గానీ, బ్రేవ్ గానీ నప్పుతుంది. గట్టి ప్రకటన నిరోధకాలు ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా పూర్తి బలంతో పనిచేస్తున్నాయి. మన దేశంలో తయారైనది కావాలనుకుంటే ఉలా చూడొచ్చు. కేంద్ర ఐటీ శాఖ నిర్వహించిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025లో అది మొదటి బహుమతి గెలుచుకుంది. డేటా పొదుపు చేసే ఒపెరా మినీ వంటివి వార్తలు చదువుకోవడానికి బాగుంటాయి. గట్టి పొదుపు మోడ్‌లో పేజీ వాళ్ల సర్వర్ గుండా కుదించుకుని వస్తుంది కాబట్టి బ్యాంకు పనికి మాత్రం ఆ మోడ్ వాడకండి.

దించుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి, కంప్యూటర్‌లో ఆ బ్రౌజర్ సొంత సైటు నుంచి మాత్రమే తీసుకోండి. సెర్చ్ ఫలితాల్లో పైన కనిపించే ప్రకటన లింకులు తాకొద్దు. ఏదో సైటు చూస్తుండగా ‘మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని తెరనిండా వస్తే అది మోసమని గట్టిగా అనుమానించండి. నిజమైన అప్‌డేట్ కంప్యూటర్‌లో బ్రౌజర్ సెట్టింగ్స్ లోపలి నుంచి, ఫోన్‌లో యాప్‌ల స్టోర్ నుంచి వస్తుంది. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

నాలుగో మెట్టు: సామాను సర్దుకోండి

బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, నింపిపెట్టుకున్న చిరునామాలు, ఈ మూడూ మీ సామాను. ఒకే కంప్యూటర్‌లో అయితే కొత్త బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ‘ఇంపోర్ట్’ నొక్కితే చాలామటుకు అదే తెచ్చుకుంటుంది. తెచ్చుకోలేనిది ఒకటుంది. మీరు లాగిన్ అయి ఉన్న స్థితి రాదు. ప్రతి సైటూ మళ్లీ పాస్‌వర్డ్, ఓటీపీ అడుగుతుంది. అందుకని బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. ఫీజు కట్టే ఆఖరి రోజునో, దరఖాస్తు గడువు ముగిసే సాయంత్రమో ఈ పని పెట్టుకోకండి.

పాస్‌వర్డులను ఫైలుగా తీసుకోవాల్సి వస్తే మరింత జాగ్రత్త కావాలి. సీఎస్‌వీ అనే ఆ ఫైలును ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. సైటు పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ వరసగా, ఏ తాళమూ లేకుండా కనిపిస్తాయి. ఆ ఫైలు ఎవరి చేతికి దొరికినా మీ ఇల్లు మొత్తం దొరికినట్టే. దాన్ని వాట్సాప్‌లో పంపుకోవద్దు, పెన్‌డ్రైవ్‌లో వదిలేయొద్దు. కొత్తదాంట్లోకి ఎక్కించగానే తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

చిరునామాల విషయంలో మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. నల్లమాడ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి అన్నీ ఈ జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న చిరునామాలో జిల్లా ఇంకా అనంతపురమే. ఫారంలో మొదటి అక్షరం కొట్టగానే అది పాత జిల్లాను నింపేస్తుంది, మనం చూడకుండా సబ్మిట్ నొక్కేస్తాం. తర్వాత ధ్రువపత్రంలో ఒకటి, దరఖాస్తులో ఒకటి ఉన్నాయని తిప్పలు పడతాం. కాబట్టి సెట్టింగ్స్‌లో చిరునామాల జాబితా తెరిచి పాతవి తీసేయండి, పనికొచ్చే ఒక్కటి సరిచేసి ఉంచుకోండి.

ఐదో మెట్టు: పక్కపక్కన నడపండి

రెండు వారాలు రెండు బ్రౌజర్లూ ఉంచండి. ఏ పనైనా ముందు కొత్తదాంట్లో ప్రయత్నించండి. కుదరకపోతే పాతదాంట్లో పూర్తిచేసి, ఏది ఎందుకు కుదరలేదో మీ కాగితం మీద రాయండి. మొదటి రోజుల్లో ‘పాతదే బాగుండేది’ అనిపించడం సహజం. మెనూ ఒక పక్కనుంటే వేలు ఇంకో పక్కకు పోతుంది. ఆ చిరాకు బ్రౌజర్ లోపం కాదు, వేలికున్న అలవాటు. కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది. సైటు తెరుచుకోకపోవడం, ఫారం సబ్మిట్ కాకపోవడం, ప్రింటు సగమే రావడం మాత్రం అసలైన సమస్యలు. రెండు వారాల చివర కాగితంలో చిరాకులను కొట్టేసి సమస్యలను మాత్రమే లెక్కపెట్టండి. తీర్పు అదే చెబుతుంది.

ఆరో మెట్టు: పట్టం కట్టండి

కుదిరిందా? ఇక డిఫాల్ట్ మార్చండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్ అన్న వరసలో వెళ్లండి. విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి కొత్త బ్రౌజర్ పేరు తాకి ‘సెట్ డిఫాల్ట్’ నొక్కండి. ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఈ వీలుంది. రెండు చోట్ల మాత్రం పాతదే పలుకుతుంది, కంగారుపడొద్దు. విండోస్ స్టార్ట్ మెనూలో వెతికితే మన దగ్గర ఇప్పటికీ ఎడ్జే తెరుచుకుంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లింకులను తమ లోపలే తెరుస్తాయి.

చివరగా పాతదాంట్లో అన్ని ఖాతాల నుంచి బయటికి రండి, దాచిన పాస్‌వర్డులు తుడిచేయండి. ఫోన్‌తో వచ్చిన బ్రౌజర్‌ను తీసేయడం కుదరకపోతే ‘డిసేబుల్’ చేస్తే సరిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు, షాపు నడిపేవాళ్లకు

అమ్మ ఫోన్‌లో మారుస్తుంటే ఆమె పక్కన కూర్చుని మార్చండి. ఆమె రోజూ చూసే పేజీలకు హోమ్ స్క్రీన్ మీద పాత చోటులోనే గుర్తులు పెట్టండి. బ్రౌజర్ భాష తెలుగులోకి మార్చండి, అక్షరాలు పెద్దవి చేయండి. ఎందుకు మార్చామో రెండు ముక్కల్లో చెప్పండి. చెప్పకుండా మారిస్తే ఫోను పాడైందనుకుని ముట్టుకోవడమే మానేస్తారు.

నల్లమాడలో జిరాక్స్ షాపో, నెట్ సెంటరో నడిపేవాళ్ల బాధ్యత మరింత పెద్దది. స్కాలర్‌షిప్‌కు వచ్చిన పిల్లలు, పట్టుగూళ్ల డబ్బు ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలని వచ్చిన రైతులు మీ కంప్యూటర్‌లో తమ పాస్‌వర్డులు కొడతారు. ‘సేవ్ చేయాలా?’ అని బ్రౌజర్ అడగకుండా సెట్టింగ్స్‌లో ఆ ప్రశ్ననే ఆపేయండి. ఒక్కొక్కరికీ బ్రౌజర్‌లో గెస్ట్ విండో తెరిచి, పని కాగానే మూసేయండి. దించిన ఆధార్ పీడీఎఫ్‌లు రోజూ సాయంత్రం తుడవండి. కంప్యూటర్ విండోస్ 7దే అయితే కొత్తది కొనే స్తోమత వచ్చేదాకా దానిమీద లినక్స్ మింట్ ఎక్కించి, అప్‌డేట్లు వచ్చే ఫైర్‌ఫాక్స్ వాడటం ఒక దారి. మీ మీద నమ్మకంతో వచ్చేవాళ్లకు ఇది మీరు చేయగల పెద్ద మేలు.

ఈ వారం అభ్యాసం

1. మీ డిఫాల్ట్ బ్రౌజర్ పేరు, వెర్షన్ కాగితం మీద రాయండి. దాన్ని ఎవరు ఎంచారో ఎదురుగా రాయండి.

2. నెలలో వాడే సైట్ల జాబితా తయారుచేసి, మిమ్మల్ని కట్టేసిన ముడికి పేరు పెట్టండి.

3. ఒక కొత్త బ్రౌజర్ దించుకుని, ప్రాణం మీదికి రాని చిన్న పని ఒకటి అందులో పూర్తిచేయండి.

4. దాచిన చిరునామాల్లో జిల్లా పేరు సరిచేయండి.

5. రెండు వారాల తర్వాత నిర్ణయం తీసుకునే తేదీ క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి.

పరీక్షించి చూశాక పాతదే మేలని తేలితే సంతోషంగా అందులోనే ఉండండి. అప్పుడు అది మీ ఎంపిక. కొత్తదానికి మారితే ఇంకో మాట గుర్తుంచుకోండి. కొన్నాళ్లు పోతే ఇదీ ‘ముందే ఉన్నది’ అయిపోతుంది. కంపెనీల యజమానులు మారతారు, షరతులు మారతాయి, నిన్న మంచిదైనది రేపు కాకపోవచ్చు. అందుకని ఏడాదికొకసారి, ఉగాది ముందో, పిల్లల పరీక్షలు అయ్యాకో, ఈ మొదటి రెండు మెట్లు మళ్లీ ఎక్కండి. అంతా కలిపి అరగంట పని. మన తరఫున ఎవరో చేసిన ఎంపికలు జీవితంలో ఇంకెన్ని ఉన్నాయో ఆ అరగంటలోనే తట్టడం మొదలవుతుంది. వచ్చే అధ్యాయంలో వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.